బ్యాకప్ అయ్యేదాకా

పెరుందేవి వాళ్ళమ్మ పోయిన రోజు బ్యాకప్‌కు ఐదు గంటలు పట్టింది.

నగరి నుంచి ఫోను మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చింది. "అమ్మకు ఊపిరి ఆడడం లేదక్కా, నిన్నే అడగతా ఉండాది" అన్నాడు తమ్ముడు. పరీక్షల మార్కులను బ్యాకప్‌గా రెండో మిషను డిస్కులోకి ఎక్కించడం అప్పుడే మొదలుపెట్టింది ఆమె. తిరుపతిలోని ఆ కంప్యూటర్ సెంటర్లో ఆ పని తెలిసింది ఆమె ఒక్కతెకే. పోతానంటే మేనేజరు దేవనాథన్ తల ఎత్తలేదు. "అది అయినాక పో అమ్మా. మధ్యలో ఆగితే మళ్ళా మొదట్నించే గదా" అన్నాడు. ఆమె నగరిలో బస్సు దిగి ఇల్లు చేరేసరికి అమ్మను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు.

సెలవు అడిగితే దేవనాథన్‌కు శాస్త్రం గుర్తొచ్చింది. "పెండ్లయిన ఆడబిడ్డకు మైల మూడు దినాలే గదా. నాలుగోనాడు వచ్చేయి."

వచ్చింది. మిషను ముందు కూర్చుని, ఇన్నాళ్ళూ పట్టించుకోని చప్పుడు విన్నది. డిస్కు లోపలి చెయ్యి టకటకమని పరుగెత్తుతోంది. ఒక్కరి మార్కులు ఈ చివర రాయడం, ఎక్కడ రాసిందీ పట్టీలో గుర్తు పెట్టడానికి ఆ చివరికి పోవడం, మళ్ళీ రావడం. లక్ష మందికి లక్ష సార్లు. పెళ్ళిచూపులనాడు వంటింట్లో అమ్మ అన్న మాట గుర్తొచ్చింది: "ఒక్కో గ్లాసుకూ ఒక్కో నడకా? తట్టలో పెట్టుకోని పో." ఐదు వందల మందివి పోగుచేసి ఒకేసారి రాసేటట్టు ప్రోగ్రాం మార్చింది. నాలుగు రోజులు పట్టింది.

బ్యాకప్ నలభై నిమిషాల్లో అయిపోయింది. అమ్మ పోయిన రోజు ఇట్లా అయ్యుంటే ఆమె రెండింటికల్లా నగరి బస్సులో ఉండేది. ఆ రోజు అమ్మ నాలుగున్నర దాకా మాట్లాడుతూనే ఉందట.

మద్రాసు నుంచి వచ్చిన యజమానితో దేవనాథన్ "మేమే చేసినాం సార్" అన్నాడు. ఆమెకు కాఫీలు తెప్పించే పని చెప్పాడు.

ఇంట్లో భర్త ముకుందం సంతోషించాడు. "అయితే ఐదింటికే వచ్చేస్తావు. ఇంక సాయంత్రం టిఫినుకు మా అమ్మ పొయ్యి ముందర కూర్చోనక్కరలేదు." అత్త రుబ్బురోలు దగ్గరనుంచి అందుకుంది. "మిషనుకు పని నేర్పిందంట. ఈడ మినప్పప్పు నానేసేది మాత్రం గుర్తుండదు."

యజమాని మద్రాసు సెంటర్లో మిషన్లు వేరు, ఈ ప్రోగ్రాం అక్కడ నడవదు. అందుకని పద్ధతంతా కాగితం మీద రాసిమ్మన్నాడు దేవనాథన్. ఆమె రాసి, పైన తన పేరు పెట్టింది. ఆయన ఆ పేరును ఎర్ర సిరాతో కొట్టేసి, కాగితం వెనక్కి తోశాడు. "పేర్లెందుకమ్మా? శుభ్రంగా ఇంకొకటి రాసుకోని రా. కింద నేను సంతకం పెడతా."

ఆమె దాన్ని అక్కడే నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. "రాసిచ్చేస్తే నీ సొమ్మేం పోతాది?" అంటున్నాడు ముకుందం. దేవనాథన్ రోజూ అడుగుతున్నాడు.

రెండో కాగితం పెరుందేవి ఇంకా రాయలేదు.