మూడు రోజుల కట్టు

మా సాలెవాళ్ళ ఇళ్ళలో సాలెపురుగును చంపరు. పేరులోనే మన కులం ఉంది, అదీ మనలాగే నేసుకుని బతుకుతుంది అనేది మా అత్త. వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటే మా ఇంటాయన కుడిచేతిని మింగింది.

మొగుడి పేరు నోటితో చెప్పకూడదంటారు. ఈరన్న. చెప్పాను, ఏమీ కాలేదు. గద్వాలలో చీర అంచు ఆయనలా నేసేవాళ్ళు నలుగురుంటే ఎక్కువ. జర్మనీ లడాయి నడుస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అన్నం తిని మగ్గం గుంతలోకి దిగుతూ గోడకు చెయ్యి ఆనించాడు. చేతికింద సాలెపురుగు నలిగి వేలు కొరికింది. ఉలిక్కిపడి ఒక్క దెబ్బకు చంపేశాడు. అరచెయ్యంత పరుచుకున్న కాళ్ళు, అణచినట్టున్న ఒళ్ళు, పొట్టకింద అణాబిళ్ళంత తెల్లని గుడ్ల సంచి. నేను కళ్ళారా చూశాను.

మా వీధిలో విషాలకు మంత్రం వేసేవాడు బుచ్చయ్య. మా కులపువాడే. అత్త పరుగెత్తి పిలుచుకొచ్చింది. అతను చచ్చిన పురుగును పుల్లతో తిరగేసి చూశాడు.

"కులపు పురుగును చంపిండు. విషం రెండింతలైతది," అన్నాడు. "కట్టు కడ్త. మూడు రోజులు విప్పొద్దు. విప్పితే ఆ దోషం ఇంటిల్లిపాదికి తగుల్తది."

మోచేతికి బెత్తెడు కింద నులకతాడు చుట్టి, మోకాలు ఆనించి బిగించాడు. సాయంత్రానికి వేళ్ళు నీలంగా మారాయి. విషం దిగుతోందన్నాడు. రాత్రంతా మా ఆయన గోడకు తల కొట్టుకున్నాడు. విప్పుతానని నేను లేస్తే అత్త నా కాళ్ళకు అడ్డం పడింది. మూడోరోజు ఆయన నొప్పి పోయిందన్నాడు. నేను సంతోషపడ్డాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉంటుందా? చెయ్యి చచ్చిపోయింది కాబట్టి నొప్పి పోయింది.

పాలమూరు దవాఖానలో తాడు పడినచోటికి చెయ్యి తీసేశారు. కట్లు మార్చే కంపౌండరు ఇస్రాయేలు నన్ను పక్కకు పిలిచి, కొరికిన పురుగు ఎట్లా ఉందని అడిగాడు. చెప్పాను.

"గది ఉత్త గోడసాలీడు చెల్లె. బొద్దింకలు తిని బతుకుతది. కొరికితే కందిరీగ కుట్టినట్టు వాస్తది, రెండు రోజులల్ల తగ్గిపోతది. విషంది వేరే ఉంది. శనగగింజంత ఉంటది, నల్లగ నిగనిగలాడ్తది, వీపు మీద ఎర్ర మచ్చ. రాళ్ళ కింద, కట్టెల మోపులల్ల ఉంటది. గది కొరికిన కాడ పెద్దగ ఏం కనపడది. కడుపు బండలెక్క బిగుస్తది, చెమటలు కారుతయి. పెద్దోళ్ళు తట్టుకుంటరు, పసిపిల్లలకైతే పానం మీదికొస్తది. దేనికైనా దవాఖానకు తేవాలె గని తాడు కట్టొద్దు."

"మరి చెయ్యి ఎందుకు పోయింది అన్నా?"

"తాడు తిన్నది చెల్లె," అన్నాడు.

తాడును చూసి పామనుకునేవాళ్ళను చూసి నవ్వుతాం. మా ఇంట్లో తాడే పాము.

ఇంటికొచ్చాక నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, వచ్చింది ఇక పోలేదు. మగ్గం మీద నాడె విసరడానికి ఒక చెయ్యి, పోగును బిగించి కొట్టడానికి ఇంకొక చెయ్యి కావాలి. ఆయన అరుగు మీద కూర్చుని పక్కింటి మగ్గాల చప్పుడు వింటూ ఉండేవాడు. బుచ్చయ్య మా గడప ముందునుంచే పోతూ, "చెయ్యి పోతే పోయె, పానం దక్కింది. గదీ నా కట్టు మహిమ," అని వినపడేలా చెప్పేవాడు. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అన్నారు. దాచుకోవడం దేనికి, నాకు అతని చెయ్యి కావాలి.

పురుగు కోసం వెతికాను. మొదట కట్టెల మోపు కింద నల్లది, ఎర్ర మచ్చది దొరికింది. చెంబులోకి ఎక్కించి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత కులం గిలం చూడకుండా రాయితో నలిపేశాను. అది కొరికితే పాపం పురుగుది అవుతుంది. నాకు తాడే ఆ పని చెయ్యాలి. నాలుగు రోజులకు దూలం సందున గుడ్ల సంచితో ఉన్న గోడసాలీడును పట్టాను.

సోమవారం పొద్దున ఎదురింటి సత్యమ్మ మనవరాలికి విబూది పెట్టడానికి బుచ్చయ్య వచ్చాడు. వాళ్ళ అరుగు మీద సంచి పక్కన పెట్టి అంబలి తాగుతున్నాడు. అరుగు ముందు పదిమంది ఉన్నారు. నేను ఎవరూ చూడకుండా సంచిలోకి సాలీడును వదిలాను. అతను మూతి తుడుచుకుని విబూది కోసం చెయ్యి పెట్టి, కెవ్వుమని లాక్కున్నాడు. వేలి నుంచి జారిపడిన పురుగును అతనే కాలితో తొక్కాడు.

"గుడ్ల సంచిది అయ్యా. మా ఇంటాయనను కొరికిందే," అన్నాను. "కులపు పురుగును తొక్కితివి. కట్టు కట్టాలె గద."

వద్దంటే అతని మంత్రం అబద్ధమవుతుంది. చెయ్యి చాపాడు. ఇంటికి పోయి విప్పుకుందామనుకుని ఉంటాడు. నేను నులకతాడు బిగించి, పోగు తెగినప్పుడు మేం వేసే ముడి ఒకదానిమీద ఒకటి రెండు వేశాను. అది ఒంటిచేత్తో ఊడదు. తర్వాత అతని పక్కనే కూర్చున్నాను.

"మూడు రోజులు నేనే కావలుంట అయ్యా."

ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి వేళ్ళు నీలమయ్యాయి.

"జర వదులు చెయ్యి," అన్నాడు.

"విషం దిగుతుంది."

ఇంకాసేపటికి నన్ను పేరు పెట్టి పిలిచాడు. "విప్పు జమ్ములమ్మా. గది విషంది కాదు."

"నీకెట్ల తెల్సు?"

"ముప్పై ఏండ్ల సంది తెల్సు."

"మరి మా ఆయనకెందుకు కడ్తివి?"

"ఏం లేదు పొమ్మంటే నన్నెవరు పిలుస్తరు?"

తెలియక చేశాడనుకున్నాను ఇన్నాళ్ళూ. నా ఒళ్ళు మండిపోయింది. "అయితే ఉండనీ," అన్నాను.

అప్పుడు మా ఆయన మా అరుగు దిగి వచ్చాడు. "విప్పు," అన్నాడు.

"నేను విప్ప. దయ ఉంటే నువ్వే విప్పు."

ఆయన కింద కూర్చున్నాడు. ఎడమచేతి గోళ్ళతో ముడిని పట్టుకుంటే జారింది. మోడుచేతితో తాడును అదిమి మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. మూడోసారి ఆ మోడు బుచ్చయ్య మోకాలికి తగిలింది. బుచ్చయ్య దాన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. వీధంతా చూస్తుండగా మా ఆయన తల వంచుకున్నాడు.

"నాకు చేత గాదు," అన్నాడు.

పన్నెండేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు. ఆయన చేత ఆ మాట అనిపించింది నేనే. ముడి విప్పాను.

బుచ్చయ్య వేళ్ళలోకి రక్తం వచ్చింది. నీలం పోయింది, గోళ్ళు ఎర్రబడ్డాయి. అతను ఏడుస్తూ పిడికిలి ముడిచాడు, చాపాడు, మళ్ళీ ముడిచాడు. ఆకూ వక్కా నమిలినంతసేపు పట్టింది. ఆ మొదటి సాయంత్రమే అత్తను పక్కకు నెట్టి నేను ఆ ముడి విప్పి ఉంటే, మా ఆయనకూ అంతే పట్టేది.