బాయికి పోని బాలింత

ముత్యమ్మకు కుక్కలంటే గిట్టదు. వాకిట్లో తోక కనబడితే చాలు, చేతిలో చీపురుంటే చీపురు, చెంబుంటే చెంబు విసిరే మనిషి. అటువంటి ఇంట్లోకి కొడుకు అంజయ్య ఒకనాటి పొద్దున డ్యూటీ దిగి, టిఫిన్ సంచిలో కుక్కపిల్లను పెట్టుకొని వచ్చాడు. దాని కళ్లు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. కంపెనీ గేటు ముందర దాని తల్లిని లారీ తొక్కేసిందట. మిగిలిన రెండు పిల్లల్లో ఒకదాన్ని పక్కింటి సోమమ్మ కొడుకు పట్టుకుపోయాడు, రెండోదాన్ని వదిలి రావడానికి వీడికి మనసొప్పలేదు.

మామూలు రోజులైతే ముత్యమ్మ కొడుకునూ కుక్కనూ కలిపి గడప అవతలికి నెట్టేది. కానీ ఆ ఇంట్లో అవి మామూలు రోజులు కావు. కోడలు నాగరత్నం తొలి కాన్పులో ఆడపిల్లను కన్నది. పన్నెండు రోజులు ఆ పసిగుడ్డు ఇంట్లో ఏడ్చింది, పాలు తాగింది, ముత్యమ్మ ఒడిలో నిద్రపోయింది. ఆ మర్నాడు జ్వరమొచ్చి, పెద్దాసుపత్రికి చేరేలోపే చల్లబడింది. నీళ్ల వల్లనే అన్నారు కొందరు, గాలి సోకిందన్నారు ఇంకొందరు. తొంభైల చివరి సంగతి ఇది. అప్పటికే కంపెనీల మురుగు పారే ఇంద్రేశం చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏం జరిగినా ఈ రెండు మాటలూ వినబడేవి. అసలు కారణం ఎవరికీ తెలియలేదు.

అప్పటినుంచి నాగరత్నం లోపలి గది పట్టింది. స్నానానికీ అవసరాలకూ పెరట్లోకి పోవడం, తిరిగి వచ్చి అదే గోడకు ఆనుకొని కూర్చోవడం. అన్నం పెడితే తింటుంది, పిలిస్తే పలుకుతుంది, ముందు గుమ్మం మాత్రం దాటదు. ఏడ్చిందా అంటే అదీ లేదు. వెలిమెల నుంచి ఆమె తండ్రి ఒకసారి వచ్చి కూతుర్ని చూసి, కొన్నాళ్లు తన దగ్గర ఉంచుకుంటానన్నాడు. పిల్లకు మతి చెదిరింది, పంపడమే మేలని ఇటు చుట్టాలు కూడా అంజయ్య చెవిలో ఊదడం మొదలుపెట్టారు. ముత్యమ్మ గుండెల్లో రాయి పడింది. కొన్నాళ్లకని అలా పుట్టింటికి పంపిన ఆడపిల్లలు మళ్లీ అత్తింటి గడప తొక్కకపోవడం ఆమె ఎరుగును. మగవాడు ఆరు నెలలు చూస్తాడు, ఏడాది చూస్తాడు, ఆ తర్వాత పెద్దలు కూర్చొని ఇంకో సంబంధం మాట్లాడతారు. నాగరత్నాన్ని ఏరి కోరి తెచ్చుకున్నది తను. ఆ పిల్లను ఎలాగైనా ఈ గుమ్మం నుంచే మళ్లీ లోకంలోకి తేవాలని ముత్యమ్మ పట్టుదల. ఎలాగన్నదే తెలియదు.

అందుకే కుక్కపిల్లను చూసి నోరెత్తలేదు. అంజయ్య దాన్ని లోపలి గదిలో, భార్య పక్కన, పాత టవలు మీద పెట్టి వచ్చాడు.

కాసేపటికి గేదె పాలు వెచ్చబెట్టి, కుక్కకు కూడా సేవలు చేయాల్సొచ్చిందని గొణుక్కుంటూ ముత్యమ్మ తలుపు తోసింది. నాగరత్నం గోడ వైపు తిరిగి కూర్చొని ఉంది. రవికె తడిసి ఉంది. దూది ఒత్తిని తన పాలతో తడిపి, ఆ కుక్కపిల్ల నోటికి అందిస్తోంది. పిల్ల చప్పరిస్తోంది. బిడ్డ పోయి మూడు వారాలు దాటినా పాలకు ఆ సంగతి తెలియలేదు కదా.

ముత్యమ్మ వెనక్కి తగ్గి చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది. అప్పుడే పలకరింపుకని సోమమ్మ వాకిట్లోకి వచ్చింది. ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగాలేదని, రేపు రమ్మని ఆమెను గుమ్మంలోనుంచే పంపేసింది. ముత్యమ్మ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటుంది. లోపల చూసిన ఆ ఒక్క సంగతి మాత్రం చచ్చేదాకా ఆమె నోరు దాటలేదు, కొడుక్కి కూడా చెప్పలేదు. ఆ రాత్రి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

కుక్కపిల్ల కాస్త బలిసింది. నాగరత్నం దానితో ఒకటీ అరా మాట్లాడటం కూడా మొదలుపెట్టింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటున్న సమయంలో గోరుచుట్టు మీద రోకటిపోటులా సోమమ్మ ఇంట్లో కుక్కపిల్ల చచ్చిపోయింది. సోమమ్మ కొడుకు దాని మెడకు సుతిలి తాడు కట్టి ఊరంతా తిప్పాడు. మురికికాలువ, చెత్తకుప్ప, పది కుక్కలు తిరిగే చోట్లన్నీ చూపించాడు. వాంతులు పట్టుకున్నాయి, నెత్తుటి విరేచనాలయ్యాయి, రెండు రోజుల్లో అయిపోయింది. అంజయ్య భయపడి తమ కుక్కపిల్లను పటాన్‌చెరు పశువుల ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు కృపానందం, అది నేల మీదనుంచి అంటుకునే రోగమనీ, సూదులన్నీ పడి, ఆపైన ఇంకో రెండు వారాలు గడిచేదాకా దీన్ని బయట కింద పెట్టొద్దనీ చెప్పి పంపాడు.

ఆ మాట నాగరత్నానికి వేదమైంది. ముందు గుమ్మం తలుపు వేసే ఉంచాలంది. గది కిటికీ మూసేసింది. అంజయ్య చెప్పులు వాకిట్లోనే విడిచి, కాళ్లు సబ్బుతో కడుక్కొని రావాలంది. అత్త పొలం గట్టు మీదనుంచి వస్తే ఆమెకూ అదే శిక్ష. కుక్క బయటికి పోదు, దాన్ని చూసుకునే మనిషీ పోదు. ఇంతకు ముందు కారణం లేకుండా కూర్చునే మనిషికి ఇప్పుడు మంచి కారణం దొరికింది. అంజయ్య మొహం చూస్తే, మామగారి మాటే నయమని అతనికి తోస్తున్నట్టుంది.

సూది వేయించే రోజున అంజయ్యకు డ్యూటీ పడింది. కుక్కల మొహం చూడని ముత్యమ్మ గంపలో గుడ్డ పరిచి, పిల్లను పడుకోబెట్టి, పైన ఇంకో గుడ్డ కప్పి సెవెన్ సీటర్ ఆటో ఎక్కింది. పక్కన కూర్చున్నామె గంపలో ఏముందని అడిగితే, మా ఇంటి దొరసాని అని జవాబిచ్చింది. ఆస్పత్రిలో గేదెల వెనక, మేకల వెనక వంతు కోసం నిలబడింది. సూది పడ్డాక గంప ఎత్తుకోబోతుంటే కుక్కపిల్ల గేదె అరుపుకు వణికి గుడ్డ కిందికి దూరింది. డాక్టరు అది చూశాడు.

“దీన్ని బయటికే తీస్తలేరా పెద్దమ్మా?” అని అడిగాడు.

మీరే వద్దన్నారు కదా అంది ముత్యమ్మ.

“కింద పెట్టొద్దన్న. లోపల మూసిపెట్టమనలే. ఎత్తుకొని రోజూ తిప్పాలె. ఎండ, మనుషులు, మోటార్ల చప్పుడు, అన్నీ చేతులల్ల ఉన్నప్పుడే చూడాలె. లేకుంటే రోగం రాదు గని, పెద్దగయినంక లోకమంటేనే భయపడ్తది.”

“గప్పుడు ఇంకో సూదేస్తరా సారూ?”

“ఆ భయానికి సూది లేదు.”

ముత్యమ్మ గంప ఒడిలో పెట్టుకొని తిరుగు ఆటో ఎక్కింది. డాక్టరు కుక్క గురించే చెప్పాడు, నిజమే. ఆమె మాత్రం దారి పొడుగునా కోడలి గురించే విన్నది.

ఇంటికి వచ్చి డాక్టరు మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పింది. రేపటినుంచి ఎత్తుకొని తిప్పమంది. నాగరత్నం కుక్కపిల్ల వీపు నిమిరింది.

“జారి పడితే?” అంది.

“గట్టిగ పట్టుకో.”

“నేను పట్టుకున్నది నిలుస్తదా అత్తమ్మా?”

ముత్యమ్మ లేచి పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. బియ్యం కడిగి ఎసట్లో పోయడం కూడా మరిచిపోయింది.

ఆ ప్రాంతంలో బాలింత ఊరికే బయటికి రాదు. ఇరవై ఒకటో నాడు తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టి, బిడ్డను ఎత్తించి బావి దగ్గరికి తీసుకుపోతారు. బావి గట్టుకు పసుపు కుంకుమ పెట్టి, నీళ్లు తోడి, బిందె ఎత్తుకొని ఇంటికొస్తే ఇక ఆ మనిషికి విడుదల. పొలానికి పోవచ్చు, కంపెనీకి పోవచ్చు, ఎక్కడికైనా పోవచ్చు. కంపెనీల కాలువ నీళ్లు ఊరి బావిలోకి ఇంకి అది పాడుబడ్డాక కూడా ఆనవాయితీ పాడుబడలేదు. ఊళ్లోకి నీళ్ల ట్యాంకరు వస్తుంది కదా, ఆడవాళ్లు దాని నల్లాకే పసుపు రాయడం మొదలుపెట్టారు. పసుపు పళ్లెం కనబడితే డ్రైవరు ఓదెలు తనే ఇంజను ఆపి, దిగి, పక్కకు జరిగి నిలబడేవాడు.

నాగరత్నం పిల్ల పోయాక, బావికి తీసుకుపోవాలా వద్దా అని ముసలమ్మలు ముత్యమ్మను అడిగారు. పిల్లే లేనిది బాయి ఎందుకని కొట్టిపారేసింది. అందరికీ సబబుగానే తోచింది. మైల స్నానం పోసి ఎవరి పనులకు వాళ్లు పోయారు. గదిలోకి పంపినవాళ్లు గదిలోనుంచి తీసుకురావడం మరిచిపోయారు. ఆ పిల్ల ఇంకా బాలింతగానే ఉండిపోయిందని ముత్యమ్మకు ఇప్పుడు, పొయ్యి ముందర కూర్చున్నాక తట్టింది. తన తెలివికి తనను తాను నానా తిట్లూ తిట్టుకుంది.

తెల్లారింది. ట్యాంకరు హారను వినబడుతుండగా ముత్యమ్మ లోపలి గదిలోకి పోయి, కోడలికి ఉతికిన చీర కట్టించింది. తలకు గుడ్డ చుట్టింది. చెవుల్లో దూది పెడుతుంటే నాగరత్నం అత్త మొహంలోకి చూసింది కానీ చెయ్యి అడ్డం పెట్టలేదు. లేచి రమ్మంటే మాత్రం కదలలేదు.

ముత్యమ్మ వంగి కుక్కపిల్లను ఎత్తుకుంది.

“నువ్వు రాకుంటే నేనే తీస్కపోత. నా చేతులు వణుకుతున్నయి. జారితే నన్ననకు.”

ముసలామె నిజంగానే వీధి తలుపు తీసి గడప మీద కాలు పెట్టింది. వెనకనుంచి పరుగున వచ్చి నాగరత్నం కుక్కపిల్లను లాక్కొని రొమ్ముకు హత్తుకుంది. అప్పటికే ఆమె గడప అవతల ఉంది. ఎండకు కళ్లు చికిలించింది. వెనక్కి తిరగబోతే ముత్యమ్మ మోచెయ్యి పట్టుకొని నడిపించింది. ఒక చేతిలో కోడలు, ఇంకో చేతిలో బిందె, బిందె మూతి మీద పసుపు పళ్లెం.

ట్యాంకరు చుట్టూ రోజూ ఉండే లొల్లి, బిందెల తోపులాట. వీళ్లను చూసి ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు. ఓదెలు పళ్లెం చూసి ఇంజను ఆపాడు. కోడలి చేతుల్లో ఉన్నదేమిటో చూసి తల దించుకొని పక్కకు జరిగాడు. ముత్యమ్మ నల్లాకు పసుపు రాస్తుంటే సోమమ్మ ఉండబట్టలేకపోయింది. కుక్కపిల్లకు బాయి పూజ చేసుడు ఏ శాస్త్రంలో ఉందని అడిగింది. ఒకరిద్దరు నవ్వబోయారు.

ముత్యమ్మ కుంకుమ వేలు చీరకు తుడుచుకొని తిరిగింది. గొంతు పెంచలేదు.

“బాయి పూజ ఎన్నడన్న పిల్లకు చేసిన్రా సోమక్కా? కన్నదానికి చేస్తరు. నా కోడలు కన్నది. పన్నెండొద్దులు పాలిచ్చింది. అది తల్లి గాదంటే ఇప్పుడే చెప్పు, నేను ఈ పళ్లెం తీస్కొని ఇంటికి పోత.”

ముత్యమ్మ కోడలి నుదుట బొట్టు పెట్టింది. పేరు పెట్టేదీ ఆనాడే. బిడ్డ పేరేమిటని పెద్దవాళ్లు తల్లిని నలుగురిలో అడగాలి. పోయిన పిల్ల ఊసు ఇంట్లో ఎత్తొద్దని శాసించింది కూడా ముత్యమ్మే. ఇప్పుడు ఆమే అడిగింది.

“పిల్లా, నా మనుమరాలికి ఏం పేరు అనుకున్నవ్?”

నాగరత్నం కుక్కపిల్ల తల మీద చూపు ఆనించింది.

“రజిత,” అంది.

ఆ మాటతో ఆమె గుండె పగిలింది. రెండు నెలల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. నిలబడే ఏడ్చింది, పెద్దగా, వీధి చివరిదాకా వినబడేలా. అత్త ఆమెను పట్టుకొని తానూ ఏడ్చింది. కుక్కపిల్ల బెదిరి చేతుల్లో మెసిలితే, నాగరత్నం ఏడుస్తూనే దాన్ని పైకి ఎగదోసుకొని చెంగు కప్పింది. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకుంటున్నారు. ఓదెలు ట్యాంకరు వెనక్కి పోయి నిలబడ్డాడు.

సోమమ్మ తన బిందె పక్కన పెట్టి ముందుకొచ్చింది. ముత్యమ్మ బిందెను నల్లా కింద ఉంచి, తనే నల్లా తిప్పింది. నిండాక బిందె ఎత్తి, నాగరత్నం ఖాళీగా ఉన్న నడుము వైపు సర్దింది. రోజూ ఎవరితోనైనా అన్నట్టే అంది.

“రజితోళ్లమ్మా, బిందె నిండింది. జెర జరుగు, ఎనకున్నోళ్లు పట్టుకోవాలె.”