కప్పు మీద కొత్త పెయింటు

ఇల్లు కొనేవాళ్లు లోపాలు వెతికించే ఇన్‌స్పెక్షన్ రోజున అమ్మేవాళ్లు ఇంట్లో ఉండకూడదు. మా ఈరీ ఊళ్లో అందరికీ తెలిసిన పద్ధతే. మా మేనకోడలు కొరీన్ కుక్కను తీసుకుని పొద్దున్నే వెళ్లిపోయింది. నేను మాత్రం గ్యారేజీలో సుత్తులు తుడుస్తున్నట్టు నటిస్తూ ఉండిపోయాను.

కొరీన్‌కి ఈ అమ్మకం జరిగి తీరాలి. పక్క ఊళ్లో బేకరీ కొనడానికి సంతకం పెట్టేసింది. తన ఇల్లు అమ్ముడుపోకపోతే ఆ బేకరీ చేజారిపోతుంది. అందుకే తనకు చెప్పకుండా నేనో సాయం చేశాను. వంటగది కప్పు మీద పాత నీటి మరక ఉంటే, ముందురోజే తెల్ల పెయింటు కొట్టేశాను. అంతటితో ఊరుకోలేక, వచ్చేవాళ్లు జడిసి లోపలికి దూరరని, ఇంటి నేలకూ మట్టికీ మధ్య ఉన్న సందులో ఒక రబ్బరు ఎలుకను కూడా పెట్టాను.

ఇన్‌స్పెక్టరు పేరు వెర్నా. అరవై దాటిన మనిషి. నిచ్చెన తనే మోసుకొచ్చి పైకప్పు ఎక్కింది. ప్రతి కుళాయీ తిప్పింది. నేను వంగి చూడ్డానికే భయపడే సందులోకి పొట్ట మీద పాక్కుంటూ వెళ్లి, ఎలుకను తోక పట్టుకుని బయటికి తెచ్చింది.

"మీ వాడేనా?"

"మా చుట్టమేనమ్మా. అద్దె కట్టడు."

"అయితే ఖాళీ చేయించండి." ముఖంలో నవ్వు లేదు. "వంటగదిలో పెయింటు ఎవరు వేశారు?"

"నేనే. మరక కనపడకూడదని."

"పెద్దాయనా, మరక చూస్తే ఒక్కటే అడుగుతాను. కొత్త పెయింటు చూస్తే పది అడగాల్సొస్తుంది."

అమ్మకం చెడగొట్టానేమో! ఆమె తేమ కొలిచే మిషను కప్పుకు ఆనించింది. పొడిగానే ఉంది. అటక ఎక్కి చూసి, "ఎవరో చక్కగా బాగుచేశారు. రసీదుందా?" అంది. డ్రాయరంతా బోర్లించి వెతికిచ్చాను.

తర్వాత కింద గదిలోంచి గట్టిగా పిలిచింది. "గ్యాసు గీజరు పొగ గొట్టం అతుకు ఊడింది. ఆ విషపు పొగంతా ఇంట్లోకే వస్తోంది. గ్యాసు ఆపేయించండి. బాగయ్యేదాకా ఎవర్నీ ఇక్కడ పడుకోనివ్వకండి."

ఏడేళ్లుగా ఆ గీజరు పక్కనే నా చేపల గాలాలు పెట్టుకుంటున్నాను. ఒక్కరోజూ తలెత్తి చూడలేదు.

రెండ్రోజులకు కొనేవాళ్ల దగ్గర్నుంచి రిపోర్టు వచ్చింది. నలభై మూడు లోపాలు! పెయింటు సంగతి అప్పటికే నా నోటితో విన్న కొరీన్ కుర్చీలో కూలబడింది.

"అయిపోయింది మామయ్యా. నువ్వూ, నీ పెయింటూ!"

"చివరి పేజీ చూడవే ముందు."

కొనేవాళ్లు బాగుచేయమన్నవి రెండే: పొగ గొట్టం, ఊగుతున్న మెట్ల కమ్మీ. కప్పు గురించి వెర్నా ఒక్క ముక్క రాసింది: పాత లీకు, బాగైంది, రసీదు చూశాను.

గొట్టాన్ని పనివాడొచ్చి బిగించాడు. కమ్మీ నేనే బిగించాను, పొడుగాటి మరలతో, రెండుసార్లు. వెర్నా మళ్లీ వచ్చి దాన్ని పట్టుకుని బలమంతా పెట్టి ఊపింది. కదల్లేదు.

"ఇది ఎవరి పని?" అంది.

"నాదే" అన్నాను, బళ్లో ఎన్నడూ రాని మార్కు వచ్చినంత గర్వంగా. శుక్రవారం కొరీన్ కొన్నవాళ్లకు తాళాలు ఇచ్చేసి బేకరీకి వెళ్లిపోయింది.