తలుపు మీద వెలుగు గీత

మావయ్య దేన్నైనా చూసి "బావుంది" అన్నాడంటే, ఆయన దాన్ని చూడలేదని అర్థం. పక్కింటివాళ్లు పసిబిడ్డను ఎత్తి చూపించినా బావుంది, కోడలు కిటికీలకు కొత్త తెరలు కట్టినా బావుంది. కొడుకు గడ్డం పెంచినప్పుడూ బావుంది, తీసేసినప్పుడూ బావుంది. నిజంగా చూసి ఉంటే వంక దొరక్కపోయే ప్రశ్నే లేదు. పెళ్లికి ముందు నుంచీ కార్లకు రంగులు వేస్తున్న మనిషి. వంకలు వెతికి పట్టుకోవడమే ఆయనకు తిండి పెట్టిన విద్య.

వాళ్ల కార్ల షెడ్డులో ముగ్గురిదీ తలో పని. కొడుకు సొట్టలు తీస్తాడు, మావయ్య రంగు వేస్తాడు, కోడలు ఓ మూల మిషను వేసుకుని సీటు కవర్లు కుడుతుంది. ఇంటి దగ్గర అత్తయ్య టీవీలో సీరియళ్లు చూస్తూ, షెడ్డు నుంచి వచ్చే ముగ్గురి బట్టల మీది, రంగులో కలిపే తిన్నరు వాసన గురించి కొంతా, రంగు మరకల గురించి కొంతా తిడుతూ ఉంటుంది. అలా సాఫీగా జరిగిపోతున్న ఇంట్లో కంటి డాక్టరు ఓ పుల్ల పెట్టాడు. చూపు సన్నగిల్లింది, ఇక రంగు పని చాలించమన్నాడు.

మావయ్య అరవలేదు, డాక్టర్ని దులిపేయలేదు. "సరేలే. ఈ పళ్ల డాక్టరుగారి కారే ఆఖరుది" అని ఊరుకున్నాడు. ఉప్పు తక్కువైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి ఇంత పెద్దమాటకు ఊరుకున్నాడంటే కోడలికి దిగులు పట్టుకుంది.

ఆ కారు ముదురు నీలం రంగుది, పాతకాలపు పొడుగాటి కారు. దానికి పైపూత పూర్తయిన రోజున కోడలికి ఒక సంగతి తట్టింది. ఇంట్లో పెళ్లి ఫోటోలున్నాయి, పుట్టినరోజు ఫోటోలున్నాయి, అత్తయ్య పెంచిన పిల్లి ఫోటో కూడా ఉంది. మావయ్య రంగు వేసిన కారు ఫోటో ఒక్కటీ లేదు. రంగు ఆరగానే తాళాలు ఇచ్చేయడమే. ఒక జీవితకాలపు పని ఊరంతా తిరుగుతోంది, ఇంట్లో మాత్రం దాని గుర్తు లేదు. ఈ ఒక్క కారయినా మిగలాలి అనుకుంది. ఊరికే మిగలడం కాదు. ఆ ఫోటో చూసి మావయ్య "ఇది నా పనే" అనాలి.

ముందు ఫోనుతో తీసి చూపించింది. ఫోను తన సొంత తెలివితో ఆ ముదురు నీలాన్ని లేత ఆకాశం రంగు చేసి పెట్టింది. ఆయన దాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని "బావుందమ్మా" అన్నాడు. ఆ మాటతో కోడలు కెమెరా కొనాలని తేల్చుకుంది.

ఇంట్లో కెమెరా మాట వస్తే భర్తకు పండగే. నెల రోజులుగా వీడియోలు చూసి చూసి, తను స్వయంగా కెమెరా కనిపెట్టినంత ధీమాలో ఉన్నాడు. పాత కెమెరాలు అమ్మే దుకాణానికి ఇద్దరూ వెళ్లారు. దారంతా మెగాపిక్సెళ్లు, సెన్సార్లు. ఆమె ఊ కొడుతూ నడిచింది.

దుకాణదారు సన్నటి మనిషి. మాట్లాడుతున్నంతసేపూ మెత్తటి గుడ్డతో ఏదో ఒక లెన్సు తుడుస్తూనే ఉన్నాడు.

"దేనికమ్మా కెమెరా?"

"కార్లు తీయడానికండీ."

"పరిగెత్తే కార్లా, నిలబడ్డ కార్లా?"

"నిలబడ్డవే. ఇప్పుడైతే ఒక్కటే."

"అయితే వేగం అక్కర్లేదు మీకు. ఓపిక ఉంటే చాలు. అది మాత్రం నా దగ్గర అమ్మకానికి లేదు" అని నవ్వి, రెండు డీఎస్ఎల్ఆర్ కెమెరాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడందరూ లోపల అద్దం లేని కొత్త రకానికి పోతున్నారు. ఆ పుణ్యమా అని ఇవి మంచి ధరకు దొరుకుతున్నాయి."

భర్త చేయి వెంటనే ఖరీదైనదాని మీద పడింది. మెగాపిక్సెళ్లు దానికే ఎక్కువ. ఆమె రెండోదాన్ని పట్టుకుని చూసింది. వేళ్లు వాటంతట అవే ఎక్కడుండాలో అక్కడ కుదురుకున్నాయి, తన బట్టల కత్తెరలో కుదిరినట్టు. కన్ను పెట్టి చూస్తే దుకాణం గుమ్మం, బయట సైకిలు, దాని బెల్లు తేటగా కనిపించాయి.

"ఇదే" అంది.

"తొందరేంటి, అన్నీ పోల్చి చూద్దాం."

"పోల్చాను. దీనికి బరువుంది కానీ పొగరు లేదు."

దుకాణదారు ఆమె పక్షం చేరిపోయాడు. "ఆవిడ చెప్పింది నిజం సార్. కెమెరా ఇవాళ ఉంటుంది, రేపు మారుస్తారు. లెన్సు మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. మిగిలిన డబ్బులు దాని మీద పెట్టండి."

లెన్సు దగ్గర భర్త పట్టు విడవలేదు. షెడ్డు ఇరుకు, వెనక్కి జరగడానికి జాగా లేదు, కాబట్టి వైడ్ లెన్సే కావాలన్నాడు. "అందులో కారంతా పడుతుంది సార్. కానీ కారులా పడదు" అన్నాడు దుకాణదారు. భర్త వినలేదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు! పైగా పోలరైజర్ అని ఓ ఫిల్టరు కూడా తీసుకున్నాడు. లెన్సు ముందు బిగించి తిప్పితే కారు మీది తళతళ, ప్రతిబింబాలు మాయమవుతాయట. ఫోటోకు అవే శత్రువులని వీడియోల్లో ఘోషిస్తున్నారట. దుకాణదారు ఇక వాదించలేదు. "నచ్చకపోతే వారంలోగా తెచ్చి మార్చుకోండి" అని సంచిలో పెట్టి ఇచ్చాడు.

వైడ్ లెన్సుతో షెడ్డులో తీసిన మొదటి ఫోటోలో కారంతా పడింది, సందేహం లేదు. ముక్కు గుమ్మడికాయంత, వెనక భాగం నిమ్మకాయంత. పక్క నుంచి తీస్తే చక్రాలు రెండూ చెరో దిక్కుకు వాలిపోయాయి. తలుపు మధ్యలో మాత్రం ఎర్ర చీరతో, ముఖానికి నల్లటి కెమెరాతో కోడలే నిలబడి ఉంది.

"నిన్ను నువ్వే తీసుకున్నావు కదోయ్, మధ్యలో కారెందుకు?" అని భర్త పడీ పడీ నవ్వాడు.

మావయ్యకు చూపించారు. "బావుంది" అన్నాడు.

మర్నాడు పోలరైజర్ బిగించారు. భర్త చెప్పింది అబద్ధం కాదు. ఫిల్టరు తిప్పుతుంటే తలుపు మీద ఆమె బొమ్మ పలచబడింది, ట్యూబులైటు మసకబడింది, చివరికి కారు మీద ఏమీ మిగల్లేదు. నిజంగానే ఏమీ మిగల్లేదు. పొరలు పొరలుగా రంగు వేసి, తడి గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ వేసి, పాలిష్ పట్టి మావయ్య తెచ్చిన మెరుపంతా పోయి, కారు బడిలో బ్లాక్‌బోర్డులా తయారైంది. మావయ్య దాన్ని కూడా "బావుంది" అనేసి, టీ గ్లాసు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. కోడలికి ఏడుపొక్కటే తక్కువ. ఎల్లుండి పళ్ల డాక్టరుగారు వచ్చి బండి తీసుకెళ్లిపోతారు.

ఆ మధ్యాహ్నం ఆమె మిషను దగ్గర కూర్చుని సీటు కుడుతూ, అనుకోకుండా మావయ్యను చూసింది. ఆయన కారు వెనక మూల గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి, తలుపుల పొడుగునా చూస్తున్నాడు. ఇన్నేళ్లుగా రోజూ చూస్తున్న భంగిమే, కానీ ఆయన చూసేది కారునని అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు లేచి వెళ్లి ఆయన వెనకే గొంతుకూర్చుంది.

"ఏం చూస్తున్నారు మావయ్యా?"

"లైటు."

"లైటు పైన కదా ఉంది?"

"పైన ఉన్నది కాదమ్మాయ్, రంగులో ఉన్నది. ఆ ట్యూబులైటు గీత ముందు నుంచి వెనకదాకా తిన్నగా పారాలి. ఎక్కడైనా వంకర పోయిందంటే కింద రేకు సాపుగా లేదన్నట్టు. రంగును చూడకూడదు, రంగులో ఏం కనబడుతోందో అది చూడాలి." కళ్లు నులుముకున్నాడు. "ఈమధ్య ఆ గీతే రెండుగా కనబడుతోంది. పోనీలే."

కోడలు అక్కడే చతికిలబడింది. రెండు రోజులుగా తను, భర్త కలిసి ఫోటోలోంచి తుడిచేయడానికి తంటాలు పడుతున్నది సరిగ్గా ఆయన చూసేదాన్నే! ఇంకెలా చూస్తాడు పాపం? చూడటానికి అందులో ఏం ఉంచారని?

సాయంత్రమే సంచి పట్టుకుని దుకాణానికి ఒక్కతే వెళ్లింది. ఫిల్టరు వాపసిచ్చి, వైడ్ లెన్సు బదులు దూరం నుంచి తీసే ఎనభై అయిదు ఎం.ఎం. లెన్సు అడిగింది.

"షెడ్డు ఇరుకన్నారు కదమ్మా సారు?"

"కారుకు చక్రాలున్నాయండీ. బయటికి తెస్తాం."

దుకాణదారు తుడవడం ఆపి ఆమె వంక చూశాడు. "ఈ ముక్క చాలామందికి తట్టదు" అన్నాడు.

షెడ్డు ఎదురుగా వీధి పొడుగునా ఒక గోడౌను గోడ ఉంది. అందమంటూ ఏమీ లేదు కానీ, దాని పైఅంచు మాత్రం తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. మర్నాడు పొద్దువాలాక, ఆకాశంలో ఇంకా వెలుగు ఉండగా, కారును తోసుకొచ్చి షెడ్డు ముందు ఆ గోడకేసి పక్క చూపేలా నిలబెట్టారు. కోడలు వీధి చివరికి వెళ్లి, గోడ వారన స్టూలు వేసి, దాని మీద కెమెరా పెట్టి, తను నేల మీద మోకరిల్లింది. ఇంతదూరం నుంచి చూస్తే కారు కారులాగే ఉంది. ముక్కు ముక్కంతే ఉంది. తలుపుల్లో ఆమె లేదు. గోడ అంచు, దాని పైన వెలుగు, రెండూ కలిసి కారు పొడుగునా ఒకే గీతగా పారుతున్నాయి.

"ఎపర్చరు ఎనిమిది దగ్గర పెట్టు. ముందు నుంచి వెనకదాకా తేటగా వస్తుంది" అన్నాడు భర్త. వీడియోలన్నిట్లోంచి ఒక్క ముక్క అక్కరకొచ్చింది. తర్వాత భర్తే వీధి మధ్య నిలబడి, వచ్చే స్కూటర్లను చేతులెత్తి ఆపుతూ నానా మాటలూ పడ్డాడు.

ఇంటికొచ్చాక ఫోటోను టీవీలో పెట్టారు. సరిగ్గా సీరియల్ వేళకు.

"అత్తాకోడళ్లు కొట్టుకునే సమయానికి కారు పెడతార్రా!" అని అత్తయ్య గొడవ చేసింది.

మావయ్య టీ తాగుతున్నాడు. తలెత్తి చూశాడు. కోడలు ఆ పాడు మాట కోసం ఎదురుచూసింది. మాట రాలేదు. ఆయన గ్లాసు కింద పెట్టాడు. లేచాడు. టీవీ దాకా వెళ్లి, దాని ముందు గొంతుకూర్చుని, ఒక కన్ను మూశాడు.

"ఇంత పరీక్షగా నన్నెప్పుడూ చూసిన పాపాన పోలేదు" అంది అత్తయ్య.

"ఉండవే" అని ఆయన వేలు పెట్టి, ముందు తలుపు నుంచి గీత వెంట మెల్లగా కదిపాడు. వెనక తలుపు పిడి కింద వేలు ఆగింది. "దీన్ని పెద్దది చేయమ్మాయ్."

ఆమె పెద్దది చేసింది.

"ఇదిగో. గీత వణికింది."

"ఏమీ లేదు నాన్నా, బాగానే ఉంది కదా" అన్నాడు కొడుకు.

"వణికింది రా. రంగు కొట్టే తుపాకీ ఇక్కడ తడబడింది. పిడి కిందకి రాగానే చూపు ఆనలేదు, చెయ్యి ఆగింది, రంగు కిందికి జారింది. చేత్తో తడిమినా దొరకలేదు నాకు." ఆయన వెనక్కి తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది. "ఇది నా పనే అమ్మాయ్. వణికింది నా చెయ్యే."

కోడలికి ఒక్కసారిగా కళ్లనీళ్లు తిరిగాయి. తను కోరుకున్న మాట వచ్చింది, వచ్చిన తీరు మాత్రం కలలో కూడా అనుకోలేదు. తప్పు దొరికితే ఇంత సంతోషించే మనిషికి ఇన్నాళ్లూ అందమైన ఫోటోలు చూపించాలని ఆరాటపడింది. ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు పళ్ల డాక్టరుగారు ఉత్సాహంగా వచ్చి, బండి ఇంకో నాలుగు రోజులు ఉండాలని విని నీరుగారిపోయారు. చుట్టూ తిరిగి చూసినా ఆయనకు ఏ లోపమూ కనిపించలేదు.

"బ్రహ్మాండంగా ఉందండీ! ఏమైందని?"

"మీరు ఊరికే నోట్లోకి చూసి వదిలేస్తారా డాక్టరుగారూ? ఫోటో తీసి కదా చూస్తారు. మేమూ తీశాం" అన్నాడు మావయ్య.

ఆ తలుపును మళ్లీ రుద్దారు. పైపూత వేసే సమయానికి మావయ్య రంగు తుపాకీని చేతిలోకి తీసుకుని, ఓసారి బరువు చూసి, కొడుక్కి ఇచ్చేశాడు. కొడుకు బిక్కచచ్చిపోయాడు. సొట్టలు తీయడమే తప్ప ఈ షెడ్డులో ఆ వస్తువును ఏనాడూ ముట్టింది లేదు.

"నాకు రాదు నాన్నా."

"నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా? నువ్వు వెయ్యి. అమ్మాయి ఫోటో తీస్తుంది. నేను చూస్తాను."

రంగు ఆరిన సాయంత్రం ముగ్గురూ కొత్త ఫోటోతో ఇల్లు చేరి టీవీ ముందు నేల మీద వరసగా గొంతుకూర్చున్నారు. సీరియల్ పోయిన కోపంలో కాసేపు వెనక కుర్చీలోంచి చూసిన అత్తయ్య, ఇక ఉండబట్టలేక వచ్చి వాళ్ల పక్కన కూర్చుని ఒక కన్ను మూసింది.

"ఇటు చివర గీత కొంచెం లావుగా లేదూ?" అంది.

"ఉంది" అన్నాడు మావయ్య, "ఉంది! రేపు పొద్దున్నే మళ్లీ రుద్దుదాం, తొందరగా పడుకోండి" అంటూ, రిటైరైన మనిషి లేచి అలారం పెట్టుకోవడానికి వెళ్లాడు.