తలకట్టుకు ముందు ఆగిన కుంచె

ఆ ఉదయం ఆకాశం ఈనబోయే గేదెలా బరువుగా నిలబడింది. కురిసిందీ లేదు, కదిలిందీ లేదు. అక్క స్టూడియోకి వచ్చేసరికి తమ్ముడు లైటు కూడా వేసుకోకుండా కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు.

అక్షరాలు గీసేది అక్క, ప్రోగ్రాం రాసేది తమ్ముడు. పోయిన నాన్న చేతిరాతను ఇద్దరూ కలిసి ఫాంటుగా మలుస్తున్నారు. నాన్న బోర్డులు రాసేవాడు. చివరి ఏడాది ఆయన పనిచేస్తుంటే అక్క వీడియోలు తీసింది. వాటిని తమ్ముడు ప్రోగ్రాంకు మేపాడు. ఇప్పుడు ఏ మాట కొట్టినా బల్లమీది యంత్రం కుంచె పట్టి ఆయనలాగే రాస్తుంది. ఒకసారి రాసినట్టు ‘క’ మరోసారి రాయదు.

ఆ వీడియోల్లో నాన్నది ఒక పద్ధతి. మాటంతా బోడిగా రాసి, ఆగి, ఆపైన తలకట్లన్నీ వరసగా పెట్టేవాడు. యంత్రమూ అలాగే ఆగేది. గాలిలో నిలిచిన కుంచెను చూస్తే అక్కకు వీపు జలదరించేది, వెనక ఎవరో నిలబడ్డట్టు. భయంవేసినా ఆ కాసేపూ నాన్న ఉన్నట్టే ఉండేది.

"మధ్యాహ్నం ఫాంటు కొనే ఆయన వస్తాడు. ఆ ఆగడం తీసేస్తానక్కా. మిషను పాడైందనుకుంటాడు."

"దానిమీద చెయ్యి వేశావో, ఊరుకోను. నాన్నది మిగిలింది అదొక్కటే."

"రాసేదంతా నాన్న రాతే కదా."

"రాత ఎవడైనా దించుతాడు. ఆగడం ఆయనదిరా."

"అయితే వచ్చినాయనకి కుర్చీ వేసి నువ్వే చెప్పు, నాన్నగారు ఆలోచిస్తున్నారు కూర్చోండి అని."

అంతలో అమ్మ క్యారియరుతో వచ్చింది. యంత్రం పెట్టాక ఆమె ఇటు రావడం ఇదే మొదలు. అమ్మను తనవైపు తిప్పుకుందామని అక్క ‘గడప’ అని కొట్టింది. మూడక్షరాలూ బోడిగా పడ్డాయి. కుంచె ఆగింది.

"చూశావా అమ్మా, నాన్న రాసింది సరిచూసుకునేవాడే, ఆ ఆగడమే ఇది."

అమ్మ క్యారియరు కింద పెట్టింది.

"సరిచూసుకోవడం కాదే. చెయ్యి పైకెత్తితే గుండెల్లో పట్టేసేది మీ నాన్నకి. అందుకే తలకట్లు చివరికి అట్టేపెట్టుకునేవాడు. నొప్పి సర్దుకునేదాకా అలా నిలబడేవాడు. పిల్లలకి చెప్తే నామీద ఒట్టే అన్నాడు. ఒంట్లో బాగున్నప్పుడు ఏ అక్షరం తలకట్టు దానికే పెట్టేవాడు, అందరిలాగే."

కుంచె ఇంకా గాలిలోనే ఉంది. అది దిగేదాకా ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

ఇన్నాళ్ళూ ఆ నొప్పినే పొద్దస్తమానం ఆయనచేత మళ్ళీ మళ్ళీ అనుభవింపజేసిందన్నమాట అక్క.

"జరుగు," అంది అక్క. ఎక్కడ ఏం మార్చాలో తమ్ముణ్ణి అడిగి, తన చేత్తోనే మార్చింది. మళ్ళీ ‘గడప’ కొట్టింది. కుంచె ‘గ’ రాసి, వెంటనే తలకట్టు పెట్టి, ‘డ’ మీదికి పోయింది. ఎక్కడా ఆగలేదు. అక్క వీపు జలదరించలేదు. వెనక్కి తిరిగి చూస్తే గోడ ఉంది, అంతే.

అమ్మ రంగుడబ్బాలు పక్కకు జరిపి పళ్ళాలు పెట్టి వడ్డించింది. యంత్రం తనకిచ్చిన మాటలు రాసుకుంటూ పోతోంది. ఎవరూ అటు చూడలేదు. తలలు వంచుకుని తిన్నారు.