నోరులేని మిషన్

బస్టాండు గోడమీద బస్సుల వేళలు చూపించే తెర నల్లగా ఉంది. కింద జనం గోల. పై గదిలో ఆ తెరని నడిపే కంప్యూటర్ ముందు, దాన్ని చూసుకునే అమ్మాయి కూర్చుంది. మిషన్‌కి కొత్త కెర్నల్, అంటే దాన్ని నడిపే మూల ప్రోగ్రాం, కట్టేటప్పుడు, అక్షరాలు చూపించే పాత డ్రైవర్ ప్రోగ్రాం‌ని "ఈ చెత్త ఇంకా ఎవడికి" అంటూ ఆమే తీసేసింది. ఇప్పుడు మిషన్ చచ్చిందనుకుని తల పట్టుకుంది.

పక్క సీట్లో పనిచేసే అన్న వంగి కీబోర్డు మీద క్యాప్స్‌లాక్ నొక్కాడు. చిన్న దీపం వెలిగింది. మళ్లీ నొక్కితే ఆరింది.

"బతికే ఉందమ్మా. నోరే పోయింది. చూడకుండానే కొట్టి, పాత కెర్నల్‌తో లేపు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పేరు, పాస్‌వర్డ్ గుడ్డిగా కొట్టింది. పాత కెర్నల్ పేరు సగంలో ఉండగా వేళ్లు ఆగిపోయాయి.

"ఏమైంది?"

"చోటు చాలట్లేదని పొద్దున దాన్ని కూడా తుడిచేశానన్నా."

ఏం చెయ్యాలో తోచక అతను మళ్లీ ఆ మీటే నొక్కాడు. దీపం బుద్ధిగా వెలిగింది.