దింపుకు ముందు రేటు

కొబ్బరి కోరుతుంటే ఫోన్ మోగింది. జ్వరమని బడికి సెలవు పెట్టిన రోజు. ఎలా ఉందో అడగడానికేమో అనుకుని చెయ్యి కొంగుకు తుడుచుకున్నాను. అమలాపురంలో ఎరువుల కొట్టు నుంచి మా ఆయన వీరేంద్ర. "సత్యా, నీ ఫోన్‌కి రిక్వెస్ట్ వచ్చింది. ఐదులోపు పిన్ కొట్టెయ్," అని పెట్టేశారు.

కొత్తగా మార్కెట్లోకి వస్తున్న ఏదో చిన్న కంపెనీ షేర్లకి నా పేరుమీద అప్లికేషన్ పెట్టారు. నేను పిన్ కొడితే నా ఖాతాలో రెండు లక్షల పైచిలుకు ఆగిపోతుంది, షేర్లు వస్తే అటే పోతుంది. ఒక పాన్ కార్డుకి ఒకటే అప్లికేషన్ కదా, నాకూ ఒక పేరుందని మా ఇంట్లో గుర్తొచ్చేది ఇలాంటప్పుడే. ఆ డబ్బు కొత్తపేటలో ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి కూడబెట్టుకున్నది. బీఈడీ లేదని అక్కడ నాకు సగం జీతమే ఇస్తారు. వచ్చే ఏడు బీఈడీలో చేరదామని దాచుకున్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పాను కూడా. టీవీ మీంచి చూపు తిప్పకుండా "చూద్దాంలే" అన్నారు.

నిన్న భోజనాల దగ్గర తండ్రీకొడుకులు ఈ కంపెనీ గురించే మాట్లాడుకున్నారు. జీఎంపీ బ్రహ్మాండంగా ఉందట. గ్రే మార్కెట్ ప్రీమియం. షేరు ఇంకా లిస్టు కాకముందే, ఏ ఎక్స్ఛేంజీతోనూ సంబంధం లేకుండా, అసలు ధర మీద ఇంత ఎక్కువిచ్చి కొంటామని ఎవరో ఎవరితోనో నోటిమాటగా చెప్పుకునే రేటు. రసీదుండదు, జవాబు చెప్పేవాడుండడు. కావాలని పెంచి చెప్పినా మనకు తెలియదు. ఇదంతా బడిలో ఖాళీ పీరియడ్లలో చదివి తెలుసుకున్నాను. "ఆ మాట నమ్మి అంత డబ్బు..." అని మొదలుపెట్టాను. "పులుసు ఇలా పట్రామ్మా," అన్నారు మావయ్య బుచ్చిరాజుగారు.

చెట్ల మీంచి కొబ్బరి దింపు అయ్యి, కాయ వలిచి రాశి పోసేదాకా షావుకారు చెప్పేది రేటే కాదని ఊరందరికీ చెప్పే మనిషి ఆయన. తోటలో ఉన్న ఆ తెలివి ఫోన్‌లో అంకె చూసేసరికి ఎటు పోయిందో! కిందటేడు ఇలాగే జీఎంపీ చూసి నా పేరున కొన్న షేరు మొదటి రోజే ఇచ్చిన ధర కన్నా కిందకి పడిపోయింది. "నీ జాతకం," అన్నారు మా ఆయన. అంతకు ముందోసారి లాభమొస్తే మాత్రం అది ఆయన లెక్క. ఈ ఇంట్లో పొద్దున్నించీ నన్ను పిలుస్తూనే ఉంటారు. నాతో మాట్లాడేవాళ్లే లేరు. జ్వరంలో ఆ సంగతి మరీ తెలిసొచ్చి, కోరిన కొబ్బరి ముందు కూర్చుని కాసేపు ఏడ్చాను.

తర్వాత పచ్చడి నూరాను. ఫోన్ గట్టు మీదే ఉంది. చెయ్యి దాని మీదకి పోతూనే ఉంది. నిజం చెప్పాలంటే భయమేసింది. ఐదయ్యింది. రిక్వెస్ట్ గడువు తీరిపోయింది. వెంటనే ఆయన ఫోన్.

"కొట్టేవా?"

"లేదండి."

పెట్టేస్తారనుకున్నాను.

"ఏం, ఎందుకని?" అన్నారు.

పెళ్లయ్యాక ఆయన నన్ను ఎందుకని అడగడం ఇదే మొదటిసారి. పీట లాక్కుని కూర్చున్నాను, చెప్పడానికి.